రెండో టేకు లేని టీచరుగారు

టీచరుగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను తెనాలిలో, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఉన్నాను. ఒక పెద్దాయనకి కొత్త ఫ్రేము చెవుల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూస్తున్నాను. ఫోను చేసింది రేపల్లెలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే అన్నయ్య.

"చెల్లెమ్మా, టీచరుగారు వెళ్ళిపోయారు. పొద్దున చిన్నమ్మగారు కాఫీ తీసుకెళ్తే లేవలేదంట."

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. తిరునాళ్ళలో అమ్మ చెయ్యి జారిపోయిన పిల్లకి ఎలా ఉంటుందో అలా ఉంది. గుండె ఆపరేషన్ బాగా అయింది, ఇంటికొచ్చేశారు, ఇంక పర్లేదు అని అప్పుడప్పుడే అందరం ఊపిరి పీల్చుకుంటున్నాం. "ఏంటమ్మా, నొక్కుతున్నావు" అని పెద్దాయన అంటే గానీ, ఆయన తల రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడ్డానని నాకు తెలియలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తర్వాత బాపట్లలో చెల్లెలి దగ్గర ఉండేవారు. ఆ చెల్లెల్నే మేమంతా చిన్నమ్మగారు అనేవాళ్ళం. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో ఇంటిముందు పూలకుండీలు, కుదిరినప్పుడల్లా ఒక చిన్న సినిమా. ఇదీ ఆవిడ జీవితం. పది నిమిషాలు దాటని సినిమాలు. ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేవి, చర్చి హాల్లో గోడ మీద వేసేవారు, ఎవరైనా స్కూలువాళ్ళు అడిగితే వెళ్ళి చూపించేవారు.

ఆ సినిమాలకి కొన్ని రూల్సు ఉండేవి. బళ్ళో పిల్లల చేత నాటకాలు వేయించినప్పుడు అద్దె నగలు, రికార్డు పాటలు, రంగురంగుల లైట్లు వచ్చి కూర్చునేవట. "ఆ హంగుల వెనకాల పిల్లలు కనపడేవాళ్ళు కాదమ్మా. నాకు కథా, మనిషీ కనపడాలి. మిగతావి అడ్డం" అనేవారు. అందుకని ఎండ వెలుతురు తప్ప లైటు పెట్టనిచ్చేవారు కాదు. తర్వాత పాటగానీ, మ్యూజిక్ గానీ కలపకూడదు. కాకి అరిస్తే కాకి, బస్సు హారను కొడితే హారను. ఎవరి బట్టలు వాళ్ళవే, మొహానికి పౌడరు కూడా లేదు. కథలో ఎవరూ చచ్చిపోకూడదు. "ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషిని చంపేసి, కథ అయిపోయిందంటారు. నా దగ్గర కుదరదు" అనేవారు. నటించేవాళ్ళు కెమెరా వంక చూడకూడదు, ఆవిడ వంక అసలు చూడకూడదు. అన్నిటికన్నా వణుకు పుట్టించేది ఇంకోటి ఉంది. ఏ సీనైనా ఒక్కసారే. బాగొచ్చినా, పాడైనా, రెండో టేకు లేదు.

తియ్యబోయే ముందు ఆ కథని దారిన పోయే ఎవరికో ఒకరికి చెప్పేవారు. ఆటో ఆయనకో, కూరగాయలమ్మే ఆవిడకో. వాళ్ళు "తర్వాతేమైందండీ?" అని అడిగితేనే సినిమా. అడక్కపోతే ఆ కథ అక్కడితో సరి.

నేను ఆవిడకి దొరికింది మా షాపులోనే. కళ్ళజోడు మార్చుకోడానికి వచ్చి, తన వంతు కోసం కూర్చున్నారు. నేను ఒకావిడతో మాట్లాడుతున్నాను. మాట్లాడుతున్నానంటే, ఆవిడ గదమాయిస్తోంది, నేను తలూపుతున్నాను. నాకు చిన్నప్పటినుంచీ మనుషులంటే బెదురు. ఎవరైనా గొంతు పెంచితే నా గొంతు లోపలికి పోతుంది. ఆవిడ వెళ్ళాక టీచరుగారు నా దగ్గరికొచ్చి, "నువ్వు ఒక్క మాట కూడా అనకుండా ఆవిణ్ణి ఎన్ని మాటలన్నావో నేను చూశానులే" అన్నారు. నాకు నవ్వొచ్చింది. "సినిమాలో చేస్తావా?" అని అడిగారు.

"నేనా? నాకు భయమండి."

"భయమైతే మంచిదే. భయం లేనివాళ్ళు ఊరికే చేతులూపుతారు."

మా ఆయన రైసుమిల్లులో సూపర్‌వైజరు. ఆయనకి చెబితే "సినిమానా? నువ్వా?" అని చాలాసేపు నవ్వి, ఆఖరికి "టీచరుగారు అంటున్నావు కాబట్టి వెళ్ళు" అన్నారు. అలా మొదలైంది. ఒక్కసారే అన్న మాట గుర్తొస్తే చెమటలు పట్టేవి. టీచరుగారు 'యాక్షన్', 'కట్' అనేవారు కాదు. "కానివ్వండి" అనేవారు. అయ్యాక "చాలు" అనేవారు. ఆ రెండు మాటల మధ్య చేతిలో ఒక వేరుశనక్కాయ పట్టుకుని నిలబడేవారు. చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన కాయలుండేవి. ఒలిస్తే చప్పుడు సినిమాలో పడుతుందని, సీను అయ్యేదాకా గుప్పిట్లోనే ఉంచుకునేవారు. "చాలు" అన్న మరుక్షణం టప్‌మని ఒలిచేవారు. ఆ టప్ వినపడితే మాకు ప్రాణం లేచొచ్చేది.

బాపట్ల పక్కన సూర్యలంక బీచిలో జరిగింది ఇప్పుడు చెప్పాలి.

ఆ సినిమా కథ ఇంతే. తెనాలి నుంచి భార్యాభర్తలు పాపని తీసుకుని సముద్రానికి వస్తారు. పాప చెప్పు ఒకటి అలలో కొట్టుకుపోతుంది. భార్య దానికోసం మోకాళ్ళ లోతు దిగి భర్తని పిలుస్తుంది. ఆయన ఫోనులో మాట్లాడుతూ వెనక్కి తిరగడు. ఎన్నిసార్లు పిలిచినా తిరగడు. భర్తగా వేసింది చెరుకుపల్లిలో కిరాణా కొట్టు నడిపే ఆయన. చాలా మంచి నటుడు. తిరగొద్దంటే ఉరిమినా తిరగడు.

ఒడ్డున కొంచెం ఎడంగా, సరుగుడు చెట్ల నీడలో నలుగురు వల బాగుచేసుకుంటున్నారు. రేపల్లె ఫోటోల అన్నయ్యే మా కెమెరా అన్నయ్య. అతను వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "షూటింగండి. ఈవిడ అరుస్తుంది, మీరు పట్టించుకోవద్దు. మధ్యలో వస్తే మళ్ళీ తియ్యడానికి లేదు" అని చెప్పొచ్చాడు. వాళ్ళు నవ్వి సరేనన్నారు.

టీచరుగారు "కానివ్వండి" అన్నారు.

చెప్పు కోసం దిగాను. మొదటి అల మోకాళ్ళ దాకా వచ్చింది. "ఏవండీ" అని పిలిచాను. రెండో అల వెనక్కి పోతూ పోతూ నా కాళ్ళ కింద ఇసుకంతా లాక్కుపోయింది. పడ్డాను. లేవబోతే నేల లేదు. చీర కాళ్ళకి చుట్టుకుపోయింది. నోట్లోకి, ముక్కులోకి ఉప్పునీళ్ళు. తల పైకొచ్చినప్పుడు అరిచాను, "ఏవండీ! ఏవండోయ్!"

కథలో నేను అరవాల్సిన మాటలూ అవే. నాకు ఇంకో మాట తోచలేదు.

ఒడ్డున అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్కరి మొహంలోనూ కంగారు లేదు. కెమెరా అన్నయ్య మొహంలో సంతోషం కూడా కనపడింది. వల దగ్గరివాళ్ళు పని ఆపి, చేతులు కట్టుకుని వినోదం చూస్తున్నారు. చెరుకుపల్లి ఆయన వీపు కనపడుతోంది. తెల్లచొక్కా వీపు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తలూపుతూ, కొంచెం కూడా కదలని వీపు. ఇంతమంది చూస్తుండగా పోతున్నాను, చూస్తున్నారు కానీ ఎవరికీ తెలియట్లేదు అన్న సంగతి నాకు నీళ్ళలో ఉండగానే అర్థమైంది. చావంటే భయం ఒకటి. ఇది దానికన్నా పెద్దది.

అప్పుడు టీచరుగారి వంక చూశాను. ఇంకేం చెయ్యాలో తెలియక చూశాను.

ఆవిడ గుప్పిట విడిపోయింది. "చాలు! చాలు!" అని కేకపెడుతూ, ఎప్పుడూ ఇస్త్రీ నలగని నేతచీరతోనే నీళ్ళలోకి పరిగెత్తారు. మళ్ళీ మునిగాను. ఆ తర్వాత నాకు తెలిసింది జుట్టు కుదుళ్ళలో నొప్పి ఒక్కటే. జడ పట్టుకుని లాగుతున్నారు. ఆవిడకీ కాళ్ళు ఆనట్లేదు. ఇద్దరం కలిసి పోతున్నామనుకున్నాను. ఈలోగా వల దగ్గరివాళ్ళు దూకారు. ఒకాయన నన్ను, ఒకాయన టీచరుగార్ని పట్టుకున్నారు.

ఇసుకలో పడి దగ్గుతుంటే ఆవిడ నా పక్కన కూలబడ్డారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎలా తెలిసిందండీ?" అన్నాను, మాట వచ్చాక.

"నన్ను చూశావుగా. నటించేవాళ్ళు నన్ను చూడరు." అని, ఇంకేదో అనబోయి, నన్ను దగ్గరికి లాక్కుని, "తిట్టవే నన్ను. తిట్టు" అని ఏడ్చారు. చెరుకుపల్లి ఆయన ఎదురుగా నిలబడి, ఫోను చేతిలోనే పట్టుకుని, "నాకు వినపడిందమ్మా. వినపడింది. కథ అనుకున్నాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

ఆవిడకి ఈత రాదు. అన్నేళ్ళు బాపట్లలో ఉండి కూడా పాదాలు తడుపుకోవడం తప్ప సముద్రంలోకి ఎప్పుడూ దిగలేదట. నీళ్ళంటే అంత భయం. ఆ సంగతి తర్వాత చిన్నమ్మగారు చెప్పారు.

కొన్నాళ్ళకి బాపట్లలో వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. కెమెరా అన్నయ్య కాసేపు అటూ ఇటూ కదిలి, ఆఖరికి అన్నాడు. "టీచరుగారండీ, కోప్పడకండి. సూర్యలంకలో తీసింది ఒక్కసారి చూడండి. మీ రూల్సన్నీ ఉన్నాయి. ఎండ వెలుతురు, సముద్రం చప్పుడు, ఒక్కటే టేకు. ఎవరూ చచ్చిపోలేదు కూడా. ఇలాంటి నటన మళ్ళీ జన్మలో రాదండి. ఏ పోటీకి పంపినా కళ్ళు మూసుకుని బహుమతి ఇస్తారు."

టీచరుగారు నెమ్మదిగా అన్నారు. "మనం కథ కావాలి, నటన కావాలి అని కదా మొదలెట్టాం. ఇందులో కథ ఎక్కడుంది? నటన ఎక్కడుంది? ఆ పిల్ల ప్రాణం పోతుంటే మనం చూస్తూ నిలబడ్డాం. అదొక్కటే ఉంది ఇందులో."

"చూసేవాళ్ళకి తెలియదు కదండీ."

"అదే నా భయం, నాయనా. చూసేవాళ్ళకి తెలియదు."

తర్వాత నావైపు తిరిగి, "ఇది నీది. నువ్వు చెప్పు" అన్నారు. అందరూ నావంకే చూస్తున్నారు. అంతమంది చూస్తే మామూలుగా నాకు నోరు పెగలదు. ఆ రోజు మాత్రం "చెరిపేయండన్నయ్యా" అని గట్టిగానే వచ్చింది. అతను నా ముందే చెరిపేశాడు. బయటికొచ్చాక చెప్పులేసుకుంటూ, "బరువు దిగింది చెల్లెమ్మా" అన్నాడు.

నా బరువు దిగలేదు. సూర్యలంక నుంచి వచ్చిన దగ్గర్నుంచీ స్నానం చెయ్యలేకపోయేదాన్ని. చెంబుతో నీళ్ళు తల మీద పోసుకోగానే ఊపిరాడేది కాదు. తలుపు బాదుకుంటూ బయటికి వచ్చేసేదాన్ని. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని షాపుకి వెళ్ళేదాన్ని. మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. మా ఆయన ఏం చెయ్యాలో తెలియక టీచరుగారికి ఫోను చేశారు.

మర్నాడు పొద్దున్నే బాపట్ల నుంచి రైలెక్కి వచ్చేశారావిడ. వచ్చీరాగానే మా బాత్రూం తలుపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "గడియ పెట్టకు. నేను ఇక్కడే ఉంటాను. పోసుకో" అన్నారు. నేను లోపల చెంబు పట్టుకుని నిలబడ్డాను. బయటినుంచి ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. రైల్లో ఎవరో ఉప్మా పెట్టారని, అందులో ఉప్పు లేదని, మొహమాటానికి అంతా తినేశానని. ఆ మాటలు అయిపోతే చర్చిలో పాడే పాట ఏదో సన్నగా అందుకున్నారు. మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, ఆవిడకి కాఫీ తెచ్చిచ్చారు. నేను ఒక చెంబు పోసుకున్నాను. ఊపిరి బిగుసుకుంది. "టీచరుగారూ" అని అరిచాను. "ఉన్నానే" అన్నారు. ఇంకో చెంబు పోసుకున్నాను.

అలా ఎన్నో పొద్దులు వచ్చారు. ఒకరోజు తలదువ్వుకుంటూ అడిగాను, "మీకేం భయం లేదాండీ ఇప్పుడు?" అని.

"ఎందుకు లేదు? కళ్ళు మూస్తే నువ్వే కనపడతావు. భయం పోయాక చేద్దామనుకుంటే నేను ఈ రైలెక్కేదాన్నే కాదు."

ఆ తర్వాత చాన్నాళ్ళు ఆవిడ సినిమా మాట ఎత్తలేదు. ఎత్తేసరికి ఇంకో కబురు కూడా తెచ్చారు. గుండెలో వాల్వు పాడైంది, ఆపరేషన్ చెయ్యాలన్నారట గుంటూరులో. "ఆపరేషన్‌కి ముందు ఒకటి తీద్దాం. ఈసారి నేను చేస్తాను. కానివ్వండి, చాలు, ఈ రెండూ నువ్వు చెప్పు" అన్నారు. నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకుంటాను వద్దండి అన్నాను. వింటేనా?

రేపల్లె స్టేషన్లో తీశాం. రైలుకట్ట అక్కడితో ఆఖరు. వచ్చిన బండే మళ్ళీ తెనాలి వెళ్తుంది. కథ ఏంటంటే, ఒక పెద్దావిడ ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నయ్య దగ్గరికి బయల్దేరుతుంది. బండి కోసం బెంచీ మీద కూర్చుంటుంది. వెళ్ళాలా, వద్దా అన్నది మొహంలోనే కనపడాలి. బండి వస్తుంది, ఎక్కుతుంది. పూలమ్మే ఆవిడకి చెబితే, "అన్నయ్య మాట్లాడాడాండీ?" అని అడిగింది. ఇంక తియ్యక తప్పలేదు.

మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా ప్లాట్‌ఫారం మీద పడుతోంది. నేను దూరంగా, స్తంభం పక్కన నిలబడ్డాను. నా గుండె చప్పుడు సినిమాలో పడుతుందేమో అనిపించింది. "కానివ్వండి" అన్నాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నారు.

కాసేపటికి ఎవరో ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. మా మనిషి కాదు. కాళ్ళకి నాట్ల బురద ఇంకా ఆరలేదు, చేతిలో క్యారేజీ ఉంది. షూటింగని తెలియదు. "మా అమ్మాయి సాయంత్రం బండికి వస్తందండి. ఇంటికెళ్ళి రావడం ఎందుకని" అని టీచరుగారికి చెప్పింది. టీచరుగారు "కూర్చోమ్మా" అన్నారు. రెండు నిమిషాల్లో ఆవిడ తల వాలిపోయింది. టీచరుగారి భుజం మీదే.

బండి వచ్చింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. టీచరుగారు లేవలేదు.

లేవట్లేదా, లేవలేకపోతున్నారా? గుండెలో ఏమైనా అయిందా? నేనున్న చోటునుంచి స్తంభం అడ్డమొచ్చి సగం మొహమే కనపడుతోంది, అది కదలట్లేదు. పరిగెత్తనా? కాకపోతే? ఒక్కసారే కదా. ఇంకొక్క క్షణం చూద్దాం అనుకున్నాను. మళ్ళీ సూర్యలంకలో వాళ్ళందరూ అలాగే అనుకుని ఉంటారని తట్టింది. బండి కదిలి స్టేషను దాటుతుండగా "చాలు" అని అరిచి పరిగెత్తాను.

ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుని, "ఉష్" అన్నారు.

"బండి ఎక్కలేదేంటండీ?" అన్నాను, గొంతు తగ్గించి. ఏడుపు, కోపం రెండూ వస్తున్నాయి నాకు.

"ఎలా ఎక్కుతానే, ఈవిడ నిద్రపోతుంటే?"

"మరి కథ?"

"కథ ఇలా అయింది. ఆపరేషన్ అయి వచ్చాక చూద్దాంలే, ఎలా వచ్చిందో."

ఆవిడ చూడలేదు. చూపిస్తామంటే "కొంచెం ఓపిక రానీ" అన్నారు. ఈలోగానే ఆ ఫోను వచ్చింది. సమాధి దగ్గర అందరూ గుప్పెడు మట్టి వేస్తుంటే, వేస్తే నిజమైపోతుందన్నట్టు నేను చివరిదాకా వెయ్యలేకపోయాను. చిన్నమ్మగారు నా చెయ్యి పట్టుకుని వేయించారు.

పోయిన ఆదివారం చిన్నమ్మగారి ముందుగదిలో ఆ స్టేషను సినిమా టీవీలో పెట్టాడు కెమెరా అన్నయ్య. చిన్నమ్మగారు, చెరుకుపల్లి ఆయన, నేను. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చూడలేకపోతే వెళ్ళిపోవచ్చని. టీచరుగారు బతికున్న మనిషిలా కదులుతుంటే తట్టుకోలేనేమోనని భయం. మొదట్లో నేల వంకే చూశాను. స్టేషను చప్పుళ్ళు వినపడ్డాయి. తర్వాత తలెత్తాను.

ఆ రోజు భయంలో నాకు కనపడనిది ఒకటి కెమెరాకి కనపడింది. రేకుల కిందనుంచి జారిన ఎండ, నిద్రపోతున్న ఆవిడ మొహం మీదికి వచ్చింది. టీచరుగారు భుజం కదలకుండా కుడిచెయ్యి పైకెత్తి, ఆవిడ కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టారు. బండి వచ్చింది, ఆగింది, వెళ్ళింది. ఎండ కొంచెం కొంచెంగా జరుగుతోంది. దానితోపాటే ఆ అరచెయ్యి కూడా కొంచెం కొంచెంగా జరుగుతోంది.